బ్రేక్ ఆయిల్ అనుకుని స్టీరింగ్ ఆయిల్ పోశాను, మామయ్యగారికి చెప్పాలా?

పేరు ప్రచురించవద్దని కోరుతూ ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అందులోని సంగతి క్లుప్తంగా ఇది. ఆమె, భర్త, ఇద్దరు పిల్లలు అత్తమామలతో కలిసి ఉంటారు. ఇంట్లో ఉన్న ఒక్క కారూ మామగారిది. పన్నెండేళ్లుగా ఆయన దాన్ని ఎంతో శ్రద్ధగా చూసుకుంటున్నారు, బానెట్ ఎత్తే పని మాత్రం ఇంకెవరూ పెట్టుకోవద్దని మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. రెండు వారాల క్రితం ఆయన ఊళ్లో లేనప్పుడు, పిల్లల్ని బడి నుంచి తీసుకొస్తుండగా బ్రేక్‌కు సంబంధించిన ఎర్ర దీపం వెలిగింది. ఇంటికి వచ్చి చూస్తే బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం కనీస గీత కంటే కిందికి ఉంది. డిక్కీలో సగం వాడిన సీసా ఒకటి దొరికింది. దాని మీది కాగితం చిరిగిపోయి ‘ఫ్లూయిడ్’ అన్న మాట ఒక్కటే మిగిలింది. అదే అయి ఉంటుందనుకుని ఆమె పై గీత దాకా పోశారు, దీపం ఆరిపోయింది.

నాలుగైదు రోజులకు పెడల్ గట్టిపడినట్టు అనిపించింది. వారం దాటాక ఒక మధ్యాహ్నం కారు ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు బరువుగా నడిచి, ముందు చక్రాల దగ్గర కాలిన వాసన వచ్చింది. పక్కకు ఆపి అరగంట ఆగితే మళ్లీ మామూలైంది. మర్నాడు ఇంటికి వచ్చి చూసిన మెకానిక్ ఆ సీసాలోది పవర్ స్టీరింగ్ ఆయిల్ అని తేల్చి, డబ్బాలోది సిరంజితో లాగేసి, కొత్తది పోసి, బ్లీడింగ్ (గొట్టాల్లోని పాత ద్రవాన్నీ గాలినీ బయటికి తీసేయడం) చేస్తే సరిపోతుందన్నాడు. ఇంకో మెకానిక్ మాత్రం రబ్బరు ఉన్న ప్రతి భాగాన్నీ మార్చాల్సిందేనన్నాడు. భర్త మొదటి మాటనే పట్టుకుని, ‘నాన్నకు తెలియకుండా ఆ పని చేయించేద్దాం, నా స్నేహితుడు కూడా ఒకసారి వేరే రకం బ్రేక్ ఆయిల్ పోశాడు, ఏమీ కాలేదు’ అంటున్నారు. మామగారు వచ్చే వారం మనవళ్లిద్దరినీ తీసుకుని అదే కారులో కొండ దారిన ప్రయాణం పెట్టుకున్నారు. ‘ఎవరి మాట నమ్మాలి? చెప్పకుండా బాగుచేయించడం అంత పెద్ద తప్పా?’ అని ఆమె అడుగుతున్నారు.

సమాధానం:

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది మీరు దాదాపు మాటవరసకు రాసిన ఒక వాక్యం: ‘అరగంట ఆగాక బండి మామూలుగానే నడిచింది, అందుకే ఇంటిదాకా నేనే నడుపుకుంటూ వచ్చాను.’ మిమ్మల్ని తప్పుపట్టడానికి దీన్ని ఎత్తి చూపడం లేదు. ఆ స్థితిలో ఎవరైనా అదే చేస్తారు. అయితే ఆ ‘మామూలు’ను నమ్మవద్దని చెప్పడం నా మొదటి బాధ్యత. మీ రెండు ప్రశ్నలకూ వివరంగా సమాధానం చెబుతాను గానీ, అంతకుముందే ఈ కారును ఎవరూ కదపకుండా చూడండి. వర్క్‌షాపుకు కూడా నడుపుకుంటూ తీసుకెళ్లవద్దు. తాడు కట్టి లాగించవద్దు, ఎందుకంటే తాడుతో లాగే బండికీ బ్రేకులు కావాలి. చక్రాలు నేలకు తగలకుండా మరో వాహనం మీదికి ఎక్కించి పంపండి.

మీరు చేసిన పొరపాటుకు సగం కారణం మన మాటలోనే ఉంది. మనమందరం దాన్ని ‘బ్రేక్ ఆయిల్’ అంటాం, నిజానికి అది నూనె కాదు. మామూలు కార్లలో వాడేది గ్లైకాల్ ఈథర్ అనే రసాయనాల మీద ఆధారపడిన ద్రవం. అది నీటితో కలిసిపోతుంది. ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్ లాంటివి పెట్రోలియం జాతివి, నీటితో కలవవు. ఆయిల్ అని పిలుస్తున్నాం కాబట్టి ఒక ఆయిల్ బదులు ఇంకో ఆయిల్ పోస్తే కొంచెం తేడా వస్తుందేమో గానీ పెద్ద ప్రమాదం ఉండదనే అనుకుంటాం. ఇక్కడ తేడా మొత్తం రబ్బరు దగ్గర వస్తుంది. బ్రేక్ వ్యవస్థలో ద్రవం కారకుండా ఆపే సీళ్లు, కప్పులు, గొట్టాల లోపలి పొర సాధారణంగా ఈపీడీఎమ్ అనే రబ్బరుతో చేస్తారు. అది గ్లైకాల్ ద్రవంలో ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉంటుంది, పెట్రోలియం నూనె తగిలితే మాత్రం దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది. ఉబ్బి మెత్తబడుతుంది, తర్వాత జిగటగా మారి చిరుగుతుంది. లోపలికి పీల్చుకున్న నూనె పైనుంచి ఎంత కడిగినా పోదు. ఇద్దరు మెకానిక్కుల మధ్య ఉన్న భేదం ఇదే: మొదటివాడు ద్రవాన్ని చూస్తున్నాడు, రెండోవాడు రబ్బరును చూస్తున్నాడు.

మీ కారు ఆ మధ్యాహ్నం ఎందుకు మొరాయించిందో, మళ్లీ ఎందుకు దారికొచ్చిందో చెబుతాను, ఎందుకంటే మీ నిర్ణయం దీని మీదే ఆధారపడాలి. పెడల్ తొక్కినప్పుడు, డబ్బా కింద ఉండే మాస్టర్ సిలిండర్‌లోని రబ్బరు కప్పు ద్రవాన్ని చక్రాల వైపు నెడుతుంది. పాదం తీసేయగానే కప్పు వెనక్కి వచ్చి, డబ్బాకు దారితీసే సన్నని రంధ్రం ఒకటి తెరుచుకుంటుంది. ఒత్తిడి అంతా ఆ రంధ్రం గుండానే వదులవుతుంది. కప్పు ఉబ్బిపోతే, మీరు పాదం తీసినా అది ఆ రంధ్రాన్ని పూర్తిగా వదలదు. అప్పుడు చక్రాల దగ్గర కొంత ఒత్తిడి మిగిలిపోయి, ప్యాడ్లు డిస్కును రాసుకుంటూనే ఉంటాయి. ఆ రాపిడికి వేడి పుడుతుంది, వేడికి లోపల చిక్కిన ద్రవం వ్యాకోచిస్తుంది, వ్యాకోచించిన కొద్దీ ప్యాడ్లు ఇంకా బిగుసుకుంటాయి, దాంతో వేడి మరింత పెరుగుతుంది. ఎవరూ తొక్కకుండానే బ్రేకులు తమంతట తామే పట్టేసుకోవడం అంటే ఇదే. అరగంట ఆగితే ద్రవం చల్లబడి కుంచించుకుపోతుంది, చక్రాలు వదులవుతాయి. మీరు మామూలైందనుకున్నది చల్లబడటం మాత్రమే, ఉబ్బిన రబ్బరు ఉబ్బినట్టే ఉంది.

ఇదే కారు కొండ దిగుతుంటే ఏమవుతుందో ఆలోచించండి. అక్కడ బ్రేక్ మీద పాదం పదేపదే పడుతుంది, చల్లబడే వ్యవధి దొరకదు. పట్టేసుకున్న బ్రేకుల వేడికి ద్రవం మరిగి ఆవిరైతే, ఆవిరి ద్రవంలా ఒత్తిడిని మోయలేదు, నొక్కితే నలుగుతుంది. అప్పటిదాకా రాయిలా గట్టిగా ఉన్న పెడల్ ఒక్కసారిగా అడుగుకు పోతుంది. ఒక సర్క్యూట్ పోయినా రెండోది ఆదుకునేలా కార్లలో బ్రేకులను రెండు భాగాలుగా ఏర్పాటు చేస్తారు గానీ, ఆ రెండింటికీ ద్రవం అందేది సాధారణంగా ఒకే మూత ఉన్న డబ్బా నుంచే. మీరు పోసింది రెండింటిలోకీ వెళ్లి ఉంటుంది. అందుకే ఆ ప్రయాణం ఈ కారులో జరగడానికి వీల్లేదు. ఈ ఒక్క విషయంలో మీకు రెండో మార్గం చూపించలేను.

మీవారు చెప్పిన స్నేహితుడి సంగతి అబద్ధం కాకపోవచ్చు, అయితే అది ఈ పొరపాటు కాదు. బ్రేక్ ద్రవాల సీసాల మీద ఉండే డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 అనే మూడూ ఒకే కుటుంబానివి, ఒకదానితో ఒకటి కలుస్తాయి. డాట్ 4 అడిగే బండిలో డాట్ 3 పోస్తే రబ్బరుకు హాని జరగదు, మరిగే ఉష్ణోగ్రత మాత్రం తగ్గుతుంది. ప్రమాణాల ప్రకారం కొత్త ద్రవానికి అది కనీసం డాట్ 3లో 205 డిగ్రీల సెల్సియస్, డాట్ 4లో 230 డిగ్రీలు ఉండాలి. దాదాపు 3.7 శాతం నీరు చేరాక చూస్తే అవి 140, 155 డిగ్రీలకు పడిపోతాయి. అలాంటి తప్పును పాత ద్రవం తీసేసి సరైనది నింపి నిజంగానే దిద్దుకోవచ్చు. డాట్ 5 అనేది వేరు, అది సిలికోన్ ద్రవం. అంకెలు పక్కపక్కన ఉన్నాయని దాన్ని 5.1తో పొరబడకూడదు, మిగతా వాటితో కలపకూడదు. మీరు పోసింది వీటిలో ఏదీ కాదు. ఆయన స్నేహితుడి అనుభవం మీ కారుకు భరోసా ఇవ్వదు.

వర్క్‌షాపుకు పంపేముందు మీ కళ్లతో మీరే చూసుకోదగ్గ రెండు పరీక్షలు ఉన్నాయి. ఇంట్లో ఈ మాట ఎత్తినప్పుడు అవి మీకు అక్కరకు వస్తాయి. డబ్బా మూత విప్పి తిరగేయండి. చాలా కార్లలో లోపల మడతలు మడతలుగా ఉన్న పల్చని రబ్బరు ఒకటి కనిపిస్తుంది. అది తన గాడిలో చదునుగా కూర్చోకుండా అంచులు అలల్లా లేచి, వేలితో అదిమినా తిరిగి అమరకపోతే, నూనె తగిలి ఉబ్బిందన్నమాట. సిలిండర్ లోపలి కప్పు పరిస్థితి ఎలా ఉంటుందో దాన్ని బట్టి ఊహించవచ్చు. రెండోది, పారేయదగ్గ గాజు గ్లాసులో నీళ్లు పోసి, డబ్బా పైభాగం నుంచి డ్రాపర్‌తో తీసిన నాలుగు చుక్కలు అందులో వేయండి. అసలు బ్రేక్ ద్రవం తీగలు తీగలుగా కిందికి జారి నీళ్లలో కరిగిపోతుంది, నూనె గుండ్రని కళ్లలా పైకి తేలి నిలుస్తుంది. ఒక జాగ్రత్త: నూనె తేలకపోతే ఏమీ కాలేదని అర్థం చేసుకోకండి, పెడల్ తొక్కిన కొద్దీ అది గొట్టాల్లోకి వెళ్లిపోయి ఉండవచ్చు. బ్రేక్ ద్రవం చుక్క కారు రంగు మీద పడితే రంగును తినేస్తుంది, వెంటనే నీళ్లతో కడగండి.

ఇక మీ ముందున్న మార్గాలు. మొదటిది మీవారు అంటున్నది: లాగేసి, కొత్తది పోసి, బ్లీడింగ్ చేయించడం. మీరు పోసిన వెంటనే తప్పు తెలుసుకుని, ఇంజిన్ ఆన్ చేయకుండా, పెడల్ ఒక్కసారి కూడా తొక్కకుండా ఉండి ఉంటే దీని గురించి ఆలోచించేవాళ్లం. బ్రేక్ ద్రవం కంటే నూనె తేలిక కాబట్టి ఎక్కువ భాగం డబ్బాలో పైనే ఉండేది, డబ్బాను ఊడదీసి శుభ్రం చేసి గొట్టాలు కడిగిస్తే బయటపడే అవకాశం ఉండేది. మీరు వారానికి పైగా నడిపారు, బ్రేకులు ఒకసారి పట్టేసుకున్నాయి కూడా. ఇప్పుడు ఈ పని చేయిస్తే కొన్ని రోజులు బాగున్నట్టే అనిపిస్తుంది. ఈ మార్గంలో నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఆ కొన్ని రోజులే, ఎందుకంటే ఆ నమ్మకంతోనే కారు మళ్లీ కొండెక్కుతుంది.

రెండోది, కొందరు మెకానిక్కులు మధ్యేమార్గంగా చెప్పేది, మాస్టర్ సిలిండర్ ఒక్కటి మార్చి మిగతాదంతా కడిగేయడం. పట్టేసుకోవడం అనే లక్షణం దీంతో తగ్గవచ్చు. కానీ ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే కాలిపర్లలో, వెనక డ్రమ్ బ్రేకులుంటే వాటి వీల్ సిలిండర్లలో, రబ్బరు గొట్టాల్లో నూనె పీల్చిన రబ్బరు అలాగే ఉండిపోతుంది. వాటిలోంచి ఊరిన నూనె కొత్త సిలిండర్‌నూ పాడుచేయగలదు. ఒకే పనికి రెండుసార్లు ఖర్చు పెట్టే దారి ఇది.

మూడోది రెండో మెకానిక్ చెప్పినది. బరువైనదే గానీ, మీరు రాసిన లక్షణాలను బట్టి సరైనది అదేనని నా అభిప్రాయం. మాస్టర్ సిలిండర్, డబ్బా మూత, డబ్బా కింది రబ్బరు బుష్‌లు, నాలుగు చక్రాల దగ్గరి కాలిపర్లు లేదా వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలన్నీ మార్చాలి. కాలిపర్ లోపలి గోడ, పిస్టన్ బాగుంటే సీల్ కిట్లు మాత్రమే మార్చే వీలుందేమో అడగండి. ఇనుప పైపుల్లో రబ్బరు ఉండదు కాబట్టి వాటిని స్పిరిట్‌తోనో, బ్రేక్ భాగాల కోసమే తయారైన క్లీనర్‌తోనో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, తర్వాత కొత్త ద్రవంతో కడిగి వాడుకోవచ్చు. పెట్రోలు, కిరోసిన్, డీజిల్‌తో ఎవరైనా కడగబోతే ఆపండి, అవీ పెట్రోలియమే. మీ బండిలో క్లచ్ కూడా అదే డబ్బా నుంచి ద్రవం తీసుకుంటుంటే క్లచ్ సిలిండర్లనూ లెక్కలోకి తీసుకోవాలి. చాలామంది మరిచిపోయేది దీన్నే. ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంటే దాని లోపలి సీళ్లు సాధారణంగా విడిగా దొరకవు, యూనిట్ మొత్తం మార్చాల్సి రావచ్చు, బిల్లు అక్కడే పెరుగుతుంది. తయారీ సంస్థ సర్వీస్ మాన్యువల్‌లో పెట్రోలియం నూనె కలిసిన సందర్భం గురించి ఏం రాసి ఉందో వర్క్‌షాపువారిని చూపించమనండి. ఏయే భాగాలు మారుస్తున్నారో, ఏవి ఉంచుతున్నారో, ఎందుకు ఉంచుతున్నారో కాగితం మీద రాయించుకోండి.

పన్నెండేళ్ల బండికి ఇంత ఖర్చు తగదని మీ ఇంట్లోవారు అనుకోవచ్చు, అదీ తప్పు నిర్ణయం కాదు. కారును నడపకుండా పక్కన పెట్టడం, జరిగింది ఉన్నదున్నట్టు చెప్పి విడిభాగాల కోసం అమ్మడం కూడా మార్గాలే. కడిగించి, ఏమీ చెప్పకుండా ఇంకొకరికి అమ్మడం మాత్రం మార్గం కాదు. అది ఈ ప్రమాదాన్ని మీకు తెలియని ఇంకో కుటుంబానికి అప్పగించడమే.

ఇంత హడావుడిలో అందరూ మరిచిపోయిన ప్రశ్న ఒకటి ఉంది: అసలు ఆ రోజు మట్టం ఎందుకు తగ్గింది? మూసి ఉన్న వ్యవస్థలో ద్రవం ఊరికే ఖర్చయిపోదు. ప్యాడ్లు అరిగిన కొద్దీ పిస్టన్లు ముందుకు జరుగుతాయి, వాటి వెనక ఖాళీని నింపడానికి ద్రవం డబ్బాలోంచి దిగుతుంది. అది సహజం. అదే కారణమైతే కొత్త ప్యాడ్లు వేసినప్పుడు మట్టం తిరిగి లేస్తుంది, పోయాల్సిన పనే ఉండదు. లేదంటే ఎక్కడో లీకు ఉంది. మీరు తప్పు సీసా కాక సరైన సీసానే పోసి ఉన్నా ఈ ప్రశ్న మిగిలే ఉండేది. చక్రాల లోపలి వైపు, మాస్టర్ సిలిండర్ వెనక తడి ఉందేమో, ప్యాడ్లు ఎంత మిగిలాయో చూడమని వర్క్‌షాపులో ప్రత్యేకంగా చెప్పండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. మీరు రహస్యంగా బాగుచేయించాలనుకోవడం వెనక మోసం లేదని నాకు తెలుసు. బానెట్ జోలికి వెళ్లవద్దన్న మనిషి మాట దాటి చేయి పెట్టానే, అదీ ఇలా అయిందే అన్న సంకోచం అది. మీ ఉత్తరంలో ‘మామయ్యగారు కోప్పడరు, మౌనంగా ఉండిపోతారు, అదే భరించలేను’ అని రాశారు. అది చిన్న బాధ కాదు. కానీ ఈ రహస్యం నిలిచేది కూడా కాదు. మూడో మార్గంలో వెళితే ఇంత పని ఆయనకు తెలియకుండా జరగదు. మొదటి మార్గంలో వెళితే, ఆయన పెడల్ మీద పాదం పెట్టిన ప్రతిసారీ ఆయనకు తెలియని విషయం మీకు తెలిసి ఉంటుంది. మధ్యలో ‘బ్రేకులు ఎందుకో సరిగా లేవు’ అని మాత్రం చెప్పి, కారణం దాచడం అనే ఉపాయం కూడా మీకు తోచి ఉండవచ్చు. దాని పర్యవసానం ఏమిటంటే, కారణం తెలియని మెకానిక్ లక్షణాన్ని బట్టి వైద్యం చేస్తాడు, ఒక సిలిండర్ మార్చి పంపేస్తాడు, రెండు నెలలకు ఇంకో చక్రం పట్టేస్తుంది, నడుపుతున్నది మీ మామగారే అవుతారు. ఏం పోశారన్నది కనీసం బాగుచేసేవారికి తెలియకుండా ఈ కారు బాగుపడదు.

చెప్పడం మీరే చెప్పడం మంచిదని నా అభిప్రాయం. మీవారి ద్వారా కబురుగా వెళితే మీరు తప్పించుకున్నట్టు ఆయనకు అనిపించవచ్చు, మెకానిక్ నోట వింటే ఇంకా నొచ్చుకుంటారు. మీవారు పక్కన ఉంటే ధైర్యంగా ఉంటుందనుకుంటే ఉండమనండి, కానీ మొదటి మాట మీదే కావాలి. పిల్లల ఎదుట కాకుండా, ఆయన తీరికగా ఉన్నప్పుడు, ఆ సీసాను చేతిలో పట్టుకుని వెళ్లండి. ‘మామయ్యగారూ, మీరు లేనప్పుడు బ్రేక్ దీపం వెలిగితే ఇందులోది పోశాను. ఇది స్టీరింగ్ ఆయిలని తర్వాత తెలిసింది. వారం నడిపాక బ్రేకులు పట్టేశాయి. అప్పుడే చెప్పకపోవడం నా తప్పు. ఆ ప్రయాణానికి ఈ బండి వద్దండీ’ అంటే చాలు. కాగితం చిరిగిన సీసా ఆయన డిక్కీలోనే ఎందుకుందన్న మాట ఆ పూటకు ఎత్తకండి, అది ఆయనకే తడుతుంది. పన్నెండేళ్లు ఆ బండిని చూసుకున్న మనిషికి దాని గురించి మీకంటే ఎక్కువ తెలిసి ఉంటుంది. ఏ వర్క్‌షాపుకు పంపాలి, బాగుచేయించాలా వదిలేయాలా అన్న నిర్ణయంలో ఆయన సహాయమే అడగండి. ఆయన మౌనంగా ఉండిపోతే ఉండనివ్వండి. ఆ మౌనం మీరు ఒకటి రెండు వారాలు ఓర్చుకోగలిగేదే. ప్రయాణం ఆగనక్కరలేదు, వేరే వాహనం మాట్లాడుకోమనండి.

వర్క్‌షాపుకు పంపేటప్పుడు ఆ సీసాను, డబ్బాలోంచి తీసిన ద్రవాన్ని ఒక చిన్న గాజు సీసాలో వేరుగా ఇచ్చి పంపండి. తీసేసిన మిగతా ద్రవాన్ని కాలువలో పోయవద్దని, పాత ఇంజిన్ ఆయిల్ డ్రమ్ములోనూ కలపవద్దని చెప్పండి. కొత్త ద్రవం మీ కారు మాన్యువల్‌లోనో, డబ్బా మూత మీదో రాసి ఉన్న రకమే, సీలు తీయని సీసాలోదే కావాలి, ఎందుకంటే తెరిచి ఉంచిన సీసా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏబీఎస్ ఉంటే దాని వాల్వులను కంప్యూటర్ ద్వారా తెరిచి బ్లీడింగ్ చేయాల్సిన కార్లు ఉన్నాయి. మీది అలాంటిదైతే ఆ పరికరం ఉన్నచోటికే పంపండి.

పని పూర్తయ్యాక కారు ఇంకా జాకీల మీద ఉండగానే మీరో మీ మామగారో దగ్గరుండి చూడండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ దించి, ఒకరు పెడల్ పదిసార్లు గట్టిగా తొక్కి వదలాలి, ఇంకొకరు నాలుగు చక్రాలనూ చేత్తో తిప్పి చూడాలి. నాలుగూ తేలిగ్గా తిరగాలి. తర్వాత జనం లేని చదును దారిలో మెల్లగా పది పదిహేను నిమిషాలు నడిపించి, ఆపి, చక్రాలను తాకకుండా ఒక్కొక్కదాని దగ్గర అరచేయి పెట్టి చూడండి. ముందు చక్రాలు రెండూ ఒకేలా, వెనకవి రెండూ ఒకేలా వెచ్చగా ఉంటే సరే. ఏ ఒక్కటైనా జతలోని రెండోదాని కంటే బాగా వేడిగా తగిలినా, పెడల్ మళ్లీ పైపైకి గట్టిపడుతున్నట్టు అనిపించినా, ఆ రోజే తిరిగి వర్క్‌షాపుకు పంపండి. అరగంట ఆగి చూద్దామని మాత్రం అనుకోకండి.